నుమాయిష్ రాట్నములు

నుమాయిష్ అనగా నేమో హైదరాబాదు స్త్రీలకు చెప్ప నక్కరలేదు. ఇతర ప్రాంతముల సోదరీమణుల కొరకు మాత్రము రెండు ముక్కలు వ్రాయుచున్నాము. నాంపల్లి మైదానమున ఏటేట జనవరి మొదలు ఫిబ్రవరి నడుమ వరకు, సుమారు 46 దినములు జరుగు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమునకే మా నగరమున ఆ పేరు. అచటి కాశ్మీరు శాలువలను గూర్చియు, లక్నో కుట్టుపనిని గూర్చియు, గాజులను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది గలరు. మేము వానిని కొనమని కాదు. ఇంటివారి జీతము రాళ్లు చేతబడిన నెల యైనచో తప్పక కొందుము. కాని యీ వ్యాసమున వాని ప్రసక్తి లేదు. ఆ మైదానమున ఒక మూల ఆకాశమున దిరుగు రాట్నములను గూర్చి వ్రాయదలచితిమి. మేము వాని యభిమానులము. సంగీతమునకును నాటకమునకును అభిమానులుండగా రాట్నమునకు మాత్ర మేల యుండరాదు?

ప్రదర్శనము పుట్టుక పెద్దలకు తెలిసినదే. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు స్వదేశ వస్తువులకు ఆదరణ కలుగవలెనని పబ్లిక్ గార్డెన్సులో దీనిని నెలకొల్పిరి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రారంభించెను. నాటి మూలధనము రెండున్నర రూపాయలు మాత్రమే యని చెప్పుదురు. 1946లో ప్రదర్శనము నేటి నాంపల్లి మైదానమునకు మారెను. 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. 2021లో మహమ్మారి వలన మరల నిలిచెను. తక్కిన యేండ్లన్నిట నగరమునకు సంక్రాంతి యెట్లో నుమాయిష్ అట్లే.

మొజంజాహీ మార్కెట్టు వెనుక సందులలో కాపురముండు మా బోటివారికి నుమాయిష్ జనవరిలో గాక డిసెంబరులోనే మొదలగును. రాత్రివేళ ఇనుప దూలములు నింపుకొన్న లారీలు మార్కెట్టు కూడలి దాటి నాంపల్లివైపు మెల్లగా పోవుచుండును. ఆ చప్పుడు వినినంతనే మా పిల్లలు పక్కలమీద లేచి కూర్చుందురు. మరునాటి సాయంకాలము కూరగాయల సంచి చేత బట్టుకొని మేమును ఆ దారిని పోవుదుము. లోపలికి రానీయరు గాని, చక్రము మెడ యెత్తిన తరువాత దానిని గోడలు దాచలేవు. గాంధీభవన్ మెట్రో స్టేషను మైదానమునకు చేరువనే యుండుటచే ఇప్పుడు రైలెక్కినవారికి సైతము అది కనబడుచున్నది.

రాట్నమెక్కుటకంటె దానిని నిలబెట్టుట చూచుట మాకు ఎక్కువ యిష్టము. తొలుత నేల చదును చేసి లావుపాటి దుంగలు పరతురు. బరువంతయు ఒక్కచోట పడి నేల క్రుంగకుండుటకై యీ యేర్పాటు. వానిమీద రెండు ప్రక్కల రెండు స్తంభములు, ఒక్కొక్కటి కాళ్లు చాచి నిలచిన మనుష్యుని వలె, లేచును. రెంటి తలలమీద ఇరుసు కూర్చుండును. ఇరుసు నడిమి కుండకు ఆకులను బిగింతురు. ఒక ప్రక్క ఆకు బిగించినచో వెంటనే దాని కెదురు ప్రక్క ఆకు బిగింపవలెను. లేనిచో చక్రము ఒకవైపునకు వ్రాలును. ఆకుల కొనలను కలుపుచు పట్టా చుట్టుదురు. చివరకు పెట్టెలను వ్రేలాడదీయుదురు. పెట్టె చక్రమునకు గట్టిగా అంటుకొని యుండదు, తన చిన్న ఇరుసుమీద తాను ఊగుచుండును. చక్రమెంత తిరిగినను కూర్చున్నవారి తల మీదనే యుండుటకు కారణ మిదియే. జనులను ఎక్కించుటలో సైతము ఈ తూకమే ప్రధానము. వరుసగా పెట్టెలు నింపక, ఒకటి నింపి, చక్రమును సగము త్రిప్పి, ఎదుటి పెట్టెను నింపుట చూచి, "మా వంతు వచ్చినను ఎక్కనీయడేమి?" యని కొందరు కోపగింతురు. త్రిప్పువాడు పక్షపాతము చూపుట లేదు, తక్కెడ సరిచూచుచున్నాడు.

రెండేండ్ల క్రిందట మా యత్తగారిని తీసికొనిపోయితిమి. ఆమెది నల్లగొండ జిల్లాలోని పల్లె. పుట్టినింట మూడు బండ్లుండెడివి. అరువదియెనిమిదేండ్ల వయస్సున చక్రమెక్కెద నన్నది. మేము వలదంటిమి గాని వినలేదు. పెట్టెలో కాలు పెట్టుటకు ముందు, నిర్వాహకుని పిలిచి, "ఏం బిడ్డా, శీల కొట్టినవా?" యని యడిగెను. వాడు తెలుగు తెలిసినవాడు. నవ్వుకొనక, చేతి దీపము వేసి, పెట్టె వ్రేలాడు కడ్డీని, దాని చివర నున్న శీలను, శీల జారకుండ దూర్చిన తీగెను చూపెను. "కొట్టిన అమ్మా, చూడు" అనెను. ఆమె వంగి చూచి, వ్రేలితో తాకి, వ్రేలికంటిన కందెనను చీర చెరగున కాక గుంజకు తుడిచి, తృప్తితో నెక్కెను. పైకి పోయిన తరువాత దీపముల నగరమును చూచునేమో యనుకొంటిమి. ఆమె ఇరుసువైపే చూచుచు, "ఇది మన బండిచక్రమే గదనే. ఎద్దులు లేవు, గంతే" అని చెప్పెను.

ఆ మాట నిజము. ఈ యంత్రములలో చాలవరకు మన యింటి వస్తువులే పెద్దవై నిలచినవి. కొలంబసు అను పెద్ద పడవ యున్నది గదా, అది ఉయ్యాలయే. పడవ అడుగున ఒక టైరు దాగియుండి, పడవ తన మీదుగా పోవు ప్రతి పర్యాయమును దానిని కొంచెము నెట్టును. అదనెరిగి నెట్టుట వలన ఎత్తు పెరుగుచు పోవును. అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలను ఊపిన ప్రతి స్త్రీకిని ఈ శాస్త్రము తెలియును: ఉయ్యాల వెనుకకు వచ్చి ఆగిన క్షణమున నెట్టినచో ఎత్తు పెరుగును, ఎదురు వచ్చుచుండగా నెట్టినచో తగ్గును. మౌత్ కా కువా అను చెక్క బావిలో మోటారు సైకిలు నిట్టనిలువు గోడమీద తిరుగుట మొదట చూచినవారికి ఇంద్రజాలము వలె తోచును. బండి నేరుగా పోవలెనని చూచును. గోడ దానిని లోపలికి నెట్టి వంపు త్రిప్పును. ఆ నెట్టుడు వలన చక్రము గోడను కరచుకొనును. వేగము తగ్గినచో పట్టు సడలును. బిందె నిండ నీళ్లు పోసి చేతబట్టి గిరగిర త్రిప్పినపుడు నీరు చిందకుండుట మన పిల్లలకు సైతము తెలిసినదే.

ఇక క్రొత్తగా వచ్చుచున్నవానిని గూర్చి. ఇటీవలి సంవత్సరములలో నుమాయిష్‌కు తలక్రిందులు చేయు యంత్రములు, గాలిలో విసరి త్రిప్పు యంత్రములు పెరిగినవి. నగరమునకు వెలుపల రావిర్యాలలో 2016లో వండర్‌లా అను విశాలమైన వినోదవనము వెలసినది. మా యింటివారు బడిపిల్లలను తీసికొనిపోయినపుడు మేమును వెంటబోయితిమి. అచట రీకాయిల్ అను పేరుగల యినుపబాట బండి యొకటి ముందునకు సుడులు తిరిగిపోయి, మరల అదే బాటను వెనుకకు తిరిగివచ్చును. బండిని ఎత్తునకు లాగువరకే యంత్రము పని. విడిచిన పిమ్మట తన బరువుచేత తానే పరుగెత్తును. మేమెక్కితిమి. ఆద్యంతము కన్నులు మూసికొనియే యుంటిమి గనుక దాని యందమును వర్ణింపజాలము. ఆ తోట శుభ్రత, నీటి వసతి, కడ్డీ బిగిసినదా లేదా యని ఇద్దరు వేరువేరుగా లాగి చూచుట, ఎత్తు చాలని పిల్లలను మొగమాటము లేక వెనుకకు పంపుట, ఇవి మాకు మిక్కిలి నచ్చినవి. నచ్చనిది ప్రవేశ రుసుము. ఉపాధ్యాయుని కుటుంబము అయిదుగురితో సొంత ఖర్చున పోవలెనన్నచో నెల బియ్యమును మరచిపోవలెను. నుమాయిష్ ప్రవేశము 2025లో 50 రూపాయలు. అందుచేతనే నుమాయిష్ రాట్నము చిన్నదైనను మాది.

మాది యనుకొన్న దానికి మేలు కోరుట సహజము. కాని మేలన నేమి? ఇటీవల అభిమానులలో యువకులు, "ఇంకను ఎత్తు, ఇంకను వేగము, ఇంకను సుడులు" అని కోరుచుందురు. వారితో మాకు సరిపడదు. ఎత్తునకు హద్దు లేదు. 1889లో ప్యారిసు ప్రదర్శనమున ఈఫిలు స్తంభము లేచినదని, దానిని మించవలెనని 1893లో అమెరికాలోని షికాగో ప్రదర్శనమున వంతెనలు కట్టుటలో ఆరితేరిన ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల చక్రమును నిలబెట్టెను. దానికి 36 పెట్టెలు, పెట్టె కొకటికి 60 మంది. అనగా ఒక్కసారి 2,160 మంది! లోకమంతయు అబ్బురపడెను. మరి యా చక్రమేమైనది? ఇంకొక ఊరి ప్రదర్శనమునకు తరలిపోయి, 1906లో తుత్తునియలైనది. ఆ కాలపుదే వియన్నా నగరమున 1897లో కట్టినది మరియొక చక్రము. దానికి 30 పెట్టెలుండెడివి. యుద్ధమున 1944లో అగ్నికి ఆహుతియయ్యెను. 1947లో మరల నిలబెట్టినపుడు బరువు తగ్గుట క్షేమమని 15 పెట్టెలే కట్టిరి. సగమునకు సగము! నేటికిని ఆ పదునైదు పెట్టెలతోనే నెమ్మదిగా తిరుగుచున్నది. తగ్గించుట గూడ బాగుచేయుటయే యని వియన్నావారు తెలిసికొనిరి.

మన నుమాయిష్‌కును అగ్ని పరీక్ష వచ్చినది. 2019 జనవరి 30వ తేదీ రాత్రి మంటలు లేచి వందలకొలది అంగళ్లు బూడిదయైనవి. ప్రాణములు పోకుండుట దైవకృప. ఏడాది పొడుగున కూడబెట్టిన సరుకు పోగొట్టుకొని రోడ్డుమీద కూర్చుండి యేడ్చిన వర్తకులను తలచుకొన్న నేటికిని మనస్సు కలుక్కుమనును. ఆ పిమ్మట నీటి గొట్టములు వేసి, అంగళ్ల నడుమ దారులు విడిచిరి. ఇవి ఛాయాచిత్రములకెక్కు క్రొత్తదనములు కావు. ఎవరును వీనిముందు నిలచి బొమ్మ తీయించుకొనరు. అయినను 2019 తరువాత నుమాయిష్‌కు జరిగిన బాగులలో మా లెక్కకు ఇదియే మొదటిది.

ఇక 2025 జనవరిలో జరిగినది పత్రికలలో చూచియేయుందురు. ఒక యంత్రము ఎక్కినవారిని తలక్రిందులుగా నుంచి సుమారు 25 నిమిషములు కదలక నిలచిపోయినది. అందరును క్షేమముగా దిగిరి. ఆ చిత్రమును చూచి నవ్వినవారున్నారు. మాకు నవ్వు రాలేదు. అట్టి యంత్రము కదలనపుడు చేతితో త్రిప్పి దింపు ఉపాయము యంత్రముతోపాటే యుండవలెను; ఆ ఉపాయము తెలిసినవాడు అచటనే నిలచియుండవలెను. ప్రతి ఉదయమును మనుష్యులను ఎక్కించుటకు ముందు ఖాళీగా త్రిప్పి చూడవలెను, బరువు చాలునో లేదో ఇసుక మూటలు వేసి చూడవలెను. వినోద యంత్రముల క్షేమమును గూర్చి భారత ప్రమాణముల సంస్థవారు నియమములు ప్రచురించియేయున్నారు. మేము కోరున దొక్కటి: పరీక్ష చేసినవారి పేరు, చేసిన తేదీ, వ్రాసిన పలక టిక్కెట్టు కిటికీ ప్రక్కన తెలుగునను ఉర్దూనను వ్రేలాడదీయుడు. మిఠాయి పెట్టెమీద తయారు చేసిన తేదీ చూచి కొను గృహిణి, తన బిడ్డను ఆకాశమునకు పంపునపుడు తేదీ యడుగరాదా?

ఇట్లడుగుట అధిక ప్రసంగ మని తలచువారున్నారు. ఒక యూరి సంతలో (ఏ యూరో చెప్పము) మా చిన్నమ్మాయిని పిల్లల రాట్నమెక్కింపగా, ఆమె కూర్చున్న గుఱ్ఱపు ముందరి కడ్డీకి కొక్కెము విరిగి, గోనెతాడుతో కట్టియుండెను. తాడు సగము పురిపోయినది. దింపుకొంటిమి. డబ్బు తిరిగి యీయమని యడుగగా యజమానుడు, "ఇన్నాళ్లు ఎవరు పడిరమ్మా?" అనెను. చుట్టునున్నవారు నవ్విరి. ఎవరును పడలేదు, నిజమే. పడినవారు వచ్చి ఫిర్యాదు చేయువరకు తాడు మార్చననుట యే ధర్మమో మాకు తెలియదు. వెనుకనున్న మరియొక తల్లి మాత్రము తన బిడ్డనుగూడ దింపుకొనెను. ఇద్దరము మాటలాడకయే ఒక చెట్టుక్రింద నిలచి పిల్లలకు జామపండ్లు కొనిపెట్టితిమి.

బాగుచేయుట యెట్లుండవలెనో దూరదేశములకు పోయి చూడ నక్కరలేదు. మా మొజంజాహీ మార్కెట్టునే చూడుడు. ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజంజా పేర 1935 నాటికి కట్టిన రాతి కట్టడమది. మేము కాపురమునకు వచ్చిన నాటికి గోడలు మసిబారి, ముందు పందిళ్లు పెరిగి, గడియారపు గోపురము ఎవరును తలయెత్తి చూడని వస్తువై యుండెను. 2018 మొదలు 2020 వరకు దానిని బాగుచేసిరి. అంతస్తు పెంచలేదు, అద్దములు తొడుగలేదు. అడ్డులు తీసిరి, రాయిని కడిగిరి, గడియారమును నడిపించిరి. పండ్లతో చేయు ఐస్‌క్రీము అంగళ్లు, అత్తరు అంగళ్లు తమ చోటనే యున్నవి. ఇప్పుడు సాయంకాలము ముంగిట స్త్రీలు పిల్లలతో నిర్భయముగా కూర్చుండి సీతాఫలపు ఐస్‌క్రీము తినుచున్నారు. నుమాయిష్‌లో రాట్నముల మూలకును ఇట్టి చేయి పడవలెనని మా కోరిక.

ఏలయనగా ఆ మూలలో మన స్త్రీల స్థితి విచిత్రమైనది. అందరును పైన తిరుగుచుందురు. ఇల్లాలు క్రింద నిలచి నాలుగు జతల చెప్పులు, రెండు సంచులు, మామగారి కళ్లజోడు, తినగా మిగిలిన మిర్చిబజ్జీల పొట్లము పట్టుకొని యుండును. పిల్లలు పైనుండి చేయి యూపినపుడు ఊపుటకు ఆమెకు చేయి ఖాళీ యుండదు. కూర్చుండుటకు బల్ల లేదు. ఎక్కుదమన్నచో, పెట్టె గడప మోకాలెత్తు. చీరతో ఎక్కుట యెట్లు? యంత్రములు నిర్మించువారు లాగు తొడిగినవారిని మాత్రమే మనస్సున నుంచుకొన్నట్లు తోచును. ఒక చెక్క మెట్టు, ఒక చేతిపట్టు, కుచ్చెళ్లు క్రింది సందులోనికి జారకుండ పాదములవద్ద ఒక జల్లెడ రేకు. వీని ఖర్చు ఒక సుడి యంత్రపు దీపముల ఖర్చుకు సాటి రాదు.

వారు చేయువరకు మన జాగ్రత్త మనము పడవలెను. పైటకొంగు నడుమున గట్టిగా దోపుకొనవలెను. జడ వ్రేలాడనీయక ముడి చుట్టుకొనవలెను. తిరుగు ఇరుసు సమీపమున చున్నీ, జడ, కొంగు మూడును ప్రాణాంతకములు. చిన్న కారుల పందెమునందు ఇది మరీ ముఖ్యము, అచట చక్రము మన వీపు వెనుకనే తిరుగును. గర్భవతులు, నడుము నొప్పి గలవారు, గుండె జబ్బు గలవారు క్రింద నుండుటయే మేలు. కడ్డీ వేసిన తరువాత మీరే యొకసారి ఎత్తి చూడుడు. లేచినచో సిగ్గుపడక కేకవేయుడు.

ఇంత శ్రమ యెందుకు, మానుకొనరాదా యని మా పొరుగింటి పెద్దమ్మగారు అడుగుచుందురు. ఆమెకు మేము చెప్పు సమాధానము ఇది. నుమాయిష్ రాబడితో ప్రదర్శన సంఘమువారు విద్యాలయములు నడుపుచున్నారు. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము, కమలానెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ మైదానముననే యున్నవి. జనవరిలో రాట్నములు నిలచు ఆవరణముననే జూన్ నెలలో బాలికలు పుస్తకములు చేతబట్టుకొని పోవుచుందురు. మా పెద్దమ్మాయికి అచట చేరవలెనని కోరిక. యంత్రములపై దానికి మా కంటెను ఎక్కువ మోజు. చక్రము నిలబెట్టువారిలో ఆడువారెందుకు లేరని పోయిన డిసెంబరున గోడ యావల నుండి చూచుచు అడిగినది. "నీవు చదివి వచ్చి శీలలు పరీక్షింపుము, పలకమీద నీ పేరు వ్రాయుదురు" అని మా యింటివారు చెప్పిరి. అది ఆ మాటను పరిహాసముగా తీసికొనలేదు.

చివరకు ప్రదర్శన సంఘమువారికి ఒక చిన్న విన్నపము. నుమాయిష్‌లో ఒక దినమును స్త్రీలకే ప్రత్యేకించుట యాచారముగా వచ్చుచున్నది. ఆ దినమున పురుషులు లోపలికి రారు. ఇతర దినములలో అప్పుడప్పుడైనను మా వారిచేత సంచులు పట్టించి మేము చక్రమెక్కగలుగుచున్నాము. మా దినమని పేరు పెట్టిన నాడే సంచులు పట్టువారు లేక ఒకరి తరువాత నొకరు క్రింద నిలువవలసి వచ్చుచున్నది. కనుక ఆ యొక్క దినమైనను పెద్ద చక్రము ప్రక్కన ఒక గుడారము వేసి, బిళ్లలిచ్చి, సంచులును చెప్పులును భద్రపరచు ఏర్పాటు చేయింపుడు. బిళ్ల కైదు రూపాయలు పుచ్చుకొన్నను మేము సంతోషముతో నిత్తుము.